కంచెగుట్ట కెప్టెన్

సీతారాములు కంచెగుట్టకు వచ్చింది రాళ్లు కొట్టడానికి కాదు, రాళ్లు మోసుకుపోయే లారీల లెక్క రాయడానికి. పోచంపల్లి దగ్గర వాళ్లింట్లో మగ్గం మూలబడింది. పదో తరగతి తప్పిన కొడుకును తండ్రి వెంటబెట్టుకొచ్చి, బడంగ్‌పేట్ అవతలున్న రాతి క్వారీలో గుమాస్తాగా కుదిర్చి వెళ్లాడు. అప్పటికి అక్కడ కాలనీలు లేవు. ఒక గుట్ట, దాన్ని తొలుచుకుంటూ పోయిన గుంతలు, గుంతల చుట్టూ పాలమూరు నుంచి వలస వచ్చిన వడ్డెర కుటుంబాల గుడిసెలు, అంతే.

ఆ గుట్టకు ఫుట్‌బాల్ బంతిని తెచ్చింది బొల్లారం నుంచి డ్రిల్లింగ్ పనికి వచ్చిన ఒక మేస్త్రీ. ఏడాది తిరక్కుండానే ఆయన వెళ్లిపోయాడు, బంతి ఉండిపోయింది. ఆడడానికి చోటు లేదు. గుట్ట చుట్టూ భూములన్నీ సత్యనారాయణ పటేలువి. రాయి అయిపోయిన ఒక పాడు గుంతను చూపించి అడిగితే ఆయన నవ్వాడు.

"ఆడుకోండ్రి. గా గుంత దేనికి పనికొస్తది?"

దాన్ని పూడ్చడానికి రెండు ఎండాకాలాలు పట్టింది. కుర్రాళ్లు పగలంతా క్వారీ యజమానికి రాయి కొట్టి, పొద్దుగూకే వేళ తమకోసం మట్టి మోశారు. ఆడవాళ్లూ తట్టలెత్తారు. పైన రాతిపొడి పరిచి, నీళ్లు చల్లి, రోలరెక్కడిది, ఖాళీ లారీనే అటూ ఇటూ నడిపించి చదును చేశారు. లారీల లెక్క రాసేవాడికే జట్టు లెక్కలూ అప్పజెప్పారు. అలా సీతారాములు కెప్టెన్ అయ్యాడు.

గోల్‌కీపర్ మట్టయ్య. సమ్మెట పట్టీ పట్టీ కాయలు కాసిన చేతులు. బంతి ఆ చేతులకు తగిలితే గోడకు కొట్టినట్టే. కంకర మీద కూడా అడ్డంగా దూకేవాడు. మోచేతులు ఎప్పుడూ పచ్చిపుండ్లే. సీతారాములుకు ఆ గుట్ట మీద మొదటి ముద్ద పెట్టింది మట్టయ్య తల్లి. అందుకని ఇద్దరూ అన్నదమ్ముల్లా మెలిగారు.

సరూర్‌నగర్‌లో మొదటి టోర్నమెంటుకు వెళ్తూ సీతారాములు ఇంటినుంచి నూలుకు అద్దే ఎర్రరంగు తెచ్చి అందరి బనియన్లూ ముంచాడు. ఆట మొదలై కాస్త చెమట పట్టేసరికి రంగు కారి తొడల మీదికి దిగింది. రెఫరీ బెదిరిపోయి ఈలవేశాడు. "నెత్తురు గాదు సార్, రంగు!" అని జట్టంతా అరిచింది. మైదానం మైదానమంతా నవ్వింది. కప్పు గెలిచి కంకర లారీ మీద ఈలలేసుకుంటూ తిరిగొచ్చారు. ఒక్క రోజు కూడా బంతి తన్నని పటేలు కొడుకు కమలాకర్ ఆ కప్పు పట్టుకుని నడుమ నిలబడి ఫోటో దిగాడు. ఎవరూ తప్పుపట్టలేదు. పటేలు కొడుకు గదా అనుకున్నారు.

పెళ్లయ్యాక సీతారాములు గుట్ట దిగాడు. భార్య కృష్ణకుమారి మేనమామ ఆయన్ను దిల్‌సుఖ్‌నగర్‌లో ఒక చీరల దుకాణంలో పెట్టించాడు. మట్టయ్య వీపు తట్టి పంపాడు. "పోయి చల్లగ ఫ్యాను కింద కూసో సీతన్నా. ఐతారం మాత్రం రావాలె."

ఆయన ప్రతి ఆదివారం వెళ్లాడు. ఆడే వయసు దాటాక కూడా షేర్ ఆటో ఎక్కి వెళ్లి, పక్కన నిలబడి కేకలేసేవాడు. ఈలోగా చేత్తో రాయి కొట్టే రోజులు పోయి, రాయిని పిండి చేసే క్రషర్ మిషన్లు వచ్చాయి. మట్టయ్య మొహానికి తువ్వాల చుట్టుకుని మిషన్ కాడ నిలబడ్డాడు. కొన్నాళ్లకు జట్టులో ఒకరి తర్వాత ఒకరు సగం ఆటకే నడుం మీద చేతులేసుకుని వగర్చడం మొదలైంది.

"బీడీలు తగ్గించుండ్రిరా!" అని సీతారాములు తిట్టేవాడు. బీడీ ముట్టనివాళ్లు కూడా దగ్గుతున్నారన్న సంగతి ఆయనకు తట్టలేదు.

ఊరు పెరిగింది. బ్లాస్టింగులకు గోడలు పగులుతున్నాయని కొత్త కాలనీలవాళ్లు గొడవ చేశారు. క్వారీ మూతబడింది. పటేలు కాలం చేశాడు. మరుసటేడు కమలాకర్ మనుషులొచ్చి మైదానం నిండా హద్దురాళ్లు పాతారు.

సీతారాములు ఊరుకోలేదు. వకీలును పట్టుకున్నాడు. ఇన్నేళ్లుగా ఆ మైదానం పూడ్చుకుని ఆడుకుంటున్నామని జట్టంతా వచ్చి చెప్పాలన్నాడు వకీలు. గుడిసె గుడిసెకూ తిరిగితే అందరూ వస్తామన్నారు. తీరా వాయిదా రోజు ఎల్బీనగర్ కోర్టు గేటు ముందు సీతారాములు సాయంత్రం దాకా నిలబడ్డాడు. ఒక్కడూ రాలేదు. వాననీళ్లు పోయే నాలా పక్కన తలా ఒక చిన్న ప్లాటు ఇస్తానని కమలాకర్ అంతకుముందే అందరితో మాట్లాడుకున్నాడు.

అటునుంచటే మట్టయ్య ఇంటికి వెళ్లాడు. మట్టయ్య మంచంలో దిండ్లకు ఆనుకుని కూర్చున్నాడు. భార్య అండాలమ్మ నీళ్లు కాస్తోంది.

"నువ్వు గూడ తీస్కున్నవా?"

"తీస్కున్న సీతన్నా."

"నాకో మాట జెప్పలే."

"చెప్తే నువ్వు వద్దంటవ్. దవాఖానల ఫోటో తీసి, లోపల రాతిపొడి పేరుకుందన్నరు. ఇగ పనికి పోవద్దన్నరు. మా పోరడు మధు తల మీద ఓ కప్పన్న ఉండాలె గద."

"మనం మోసిన మట్టిరా అది! మట్టినమ్ముకున్నవ్."

"అమ్మింది నేను గాదు," అన్నాడు మట్టయ్య మెల్లగా. ఇంకా ఏదో అనబోయాడు గానీ దగ్గు తెర వచ్చింది.

అది తగ్గేదాకా కూడా సీతారాములు ఆగలేదు. "గోలు కాడ నిలవడ్డోడే గోలు ఇడిచిపెట్టిండు. ఇగ నీ మొఖం జూడ," అని చెప్పులేసుకున్నాడు. అండాలమ్మ గడప దాకా వచ్చి పిలిచింది. ఆయన వెనక్కి తిరగలేదు.

ఆ ప్లాట్లు నిలవలేదు. ఓ వానాకాలం వరదలు ముంచెత్తాక, అవన్నీ నాలాను పూడ్చి చేసినవని తేలి జేసీబీలు వచ్చాయి. ఆ కబురు విన్న రోజు సీతారాములు దుకాణంలో పరుపు మీద కూర్చుని చీరలు మడతపెడుతూ లోలోపల నవ్వుకున్నాడు. ఇంటికెళ్లి, "మంచిగైంది," అన్నాడు భార్యతో.

కృష్ణకుమారి వడ్డించే గరిటె ఆపి ఆయన వంక చూసింది. "వాళ్లిప్పుడు ఏడుంటున్నరో కనుక్కున్నవా?"

ఆయన కనుక్కోలేదు.

కిందటేడు చలికాలంలో మధు ఫోన్ చేశాడు. "పెద్దనాయినా, నాయిన పోయిండు."

అద్దె గది ముందు మట్టయ్యను పడుకోబెట్టారు. ఎంత చిక్కిపోయాడంటే ఆ చేతులు తప్ప మరేదీ సీతారాములు గుర్తుపట్టలేదు. జట్టులో చాలామంది అప్పటికే పోయారు, అందరూ అదే దగ్గుతో. మిగిలిన ముగ్గురూ వచ్చారు. పాడె ఎత్తారు గానీ నాలుగడుగులకే ఒకడు గోడకు ఆనుకున్నాడు, ఇంకొకడు రోడ్డు మీదే చతికిలబడ్డాడు. బంధువుల కుర్రాళ్లు పరిగెత్తి ఆ కొమ్ములు అందుకున్నారు. సీతారాములు మాత్రం వల్లకాడు దాకా భుజం మార్చకుండా మోశాడు. ఆయనకు ఆయాసం రాలేదు. ఫ్యాను కింద చీరలు పరిచిన ఊపిరి, నిండుగా, తేలిగ్గా ఆడుతోంది. అది ఆయనకు సిగ్గనిపించింది.

కమలాకర్ కారు దిగి దండ వేశాడు. ఇప్పుడాయన లీడరు. పాత మైదానంలో అమ్ముడుపోని ఒక ముక్క మీద ప్లాస్టిక్ గడ్డి పరిచి, చుట్టూ వలకట్టి, గంటకింత అని కిరాయికిస్తున్నాడు. గేటు మీద 'కంచెగుట్ట ఫుట్‌బాల్ క్లబ్' అని బోర్డు. సీతారాములును పక్కకు పిలిచాడు.

"అన్నా, మట్టన్న పేరు మీద టోర్నమెంట్ పెడుతున్న. ఫౌండర్ కెప్టెన్‌వి, స్టేజీ మీద నువ్వుండాలె. క్లబ్బు హిస్టరీ రెండు ముక్కలు చెప్పు. మా నాయిన జాగ ఇచ్చిన ముచ్చట మర్వకు."

"చూస్త," అన్నాడు సీతారాములు. వెళ్లకూడదనే నిశ్చయించుకున్నాడు.

పదకొండో రోజు దాటాక అండాలమ్మ దిల్‌సుఖ్‌నగర్ వచ్చింది. దుకాణం బయటే చెప్పులు విడిచి, తెల్ల పరుపు మాయకుండా అంచున కూర్చుంది.

"అన్నా, మధుకు గా టర్ఫ్ కాడ నౌకరిస్తనన్నడు కమలాకర్. నువ్వొస్తేనే ఇస్తడు. నోటితోని అనలే గని నాకు సమజైంది."

"అది మన గ్రౌండు అండాలమ్మా. మన చేతులతోని పూడ్చినం. ఆడికి పోయి వాడు జెప్పమన్నది చెప్పాల్నా?"

ఆమె గొంతు పెంచలేదు. "నీకు గ్రౌండు గావాలె. ఆయినకు ఊపిరి గావాలె. ఇద్దరికీ దొరకలే. నా కొడుకుకు ఇంకేడనన్న క్రషర్ పని తప్పితే నాకు సాలు."

కొనుగోలుదారులు వచ్చారు. సేల్స్‌మన్ గొంతులోకి మారి సీతారాములు వాళ్లకు చీరలు పరుస్తుంటే, ఆమె లేచి వెళ్లిపోయింది.

టోర్నమెంట్ రోజు ఆయన ఇస్త్రీ చొక్కా తొడుక్కుని వెళ్లాడు. స్టేజీ మీద మట్టయ్య ఫోటో ఉంది, దాని పక్కన అంతకు నాలుగింతల కమలాకర్ ఫోటో. పేరు పిలిచి మైకు చేతికిచ్చారు. ఎదురుగా ముందు వరసలో జట్టులో మిగిలిన ముగ్గురు. వాళ్ల కళ్లలోకి చూడకుండా, వెనకాల కుర్చీల్లో కాలనీ పిల్లల్ని చూస్తూ మాట్లాడాడు.

"గీ జాగ సత్యనారాయణ పటేలు మాకిచ్చిండు. ఆయిన దయ లేకుంటే మా టీమే లేకుండె."

మైకు దించాడు. అప్పటికే కమలాకర్ శాలువా విప్పుతున్నాడు. చప్పట్లు మోగాయి. ముందు వరసలో ముగ్గురూ తలలు దించుకున్నారు. వెనకెక్కడో నిలబడి అండాలమ్మ కూడా చప్పట్లు కొట్టింది.

కిందికి దిగాక, క్లబ్బు పేరు అచ్చేసిన కొత్త టీషర్టులో మధు ఎదురొచ్చి నీళ్ల సీసా ఇచ్చాడు.

"మస్తు మాట్లాడినవ్ పెద్దనాయినా," అన్నాడు సంబరంగా.