బేకరీలో మా అత్త

మా అత్త పోయింది. ఆ కబురు తెచ్చినవాడు మా చిన్న మరిది. పదకొండు గంటల వేళ నేను ఆఫీసులో టైపు చేస్తుంటే వచ్చి గుమ్మం దగ్గర నిలబడ్డాడు. "వొదినా, అమ్మ లేదు" అన్నాడు. ఎక్కడికెళ్లిందని అడిగాను. అంత మామూలుగా అన్నాడు మరి. వాడు తల దించుకున్నాక గాని నాకు అర్థం కాలేదు.

ఆ పొద్దున్న కూడా పడవలొచ్చే వేళకి ఒడ్డుకి వెళ్లిందట. గంప పక్కన పెట్టుకుని ఇసకలో కూర్చుందట. చేపల వేలంపాట మొదలైనా లేవకపోతే పక్కనామె భుజం పట్టుకుని కదిపిందట. అంతే. ఎవరినీ కష్టపెట్టలేదు అని అందరూ అన్నారు. నాకు మాత్రం కష్టంగానే ఉంది. నెల దాటింది. ఆదివారం పొద్దున్న తలుపు చప్పుడైతే ఇప్పటికీ గిన్నె పట్టుకుని లేస్తున్నాను.

మా అత్త సముద్రం ఒడ్డున ఉండే జాలారిపేట మనిషి. నాకు తెలిసేనాటికే ఇరవై ఏళ్లుగా నెత్తిన చేపల గంపతో వన్ టౌన్ సందులు తిరుగుతోంది. మా మావ నేను రాకముందే పోయాడు. ముగ్గురు కొడుకుల్లో ఇద్దరు చేపల వేటకే వెళ్లారు. పెద్దాయన, అంటే మా ఆయన, పోర్టులో క్రేన్ మీద పనికి కుదిరాడు. మా పుట్టింటివాళ్లది క్యాథలిక్ కుటుంబం. నాన్న రైల్వేలో గుమాస్తా. నేను పోర్టు దగ్గర ఒక షిప్పింగ్ ఆఫీసులో టైపిస్టుని. డెబ్బైల్లో ఇలాంటి ఇద్దరు పెళ్లి చేసుకుంటే ఏమవుతుందో అదే అయింది. రిజిస్ట్రారు దగ్గర సంతకాలు పెట్టేటప్పుడు రెండు వైపుల నుంచీ ఒక్కరూ రాలేదు.

వన్ టౌన్‌లో ఒక గది అద్దెకి తీసుకున్నాం. నెల తిరక్కుండా ఒక ఆదివారం మా అత్త గుమ్మంలో ప్రత్యక్షమైంది. గంప దించి, నాలుగు చేపలు ఏరి, "గిన్నె తే" అంది. లోపలికి రమ్మంటే, "రాను. నాకింకా కోపంగానే ఉంది. ఇయ్యి వొండుకోండి" అని గంప ఎత్తుకుని వెళ్లిపోయింది. మరుసటి ఆదివారం మెట్టు మీద కూర్చుంది. ఆ పై ఆదివారం లోపలికొచ్చి, నేను చేప తోముతున్న తీరు చూసి, కత్తి లాక్కుంది. పేటలో నా గురించి చెప్పాల్సొస్తే 'మా టైపు కోడలు' అనేది.

మా ఇంటికి నాలుగు సందుల అవతల ఒక బేకరీ ఉండేది. ముందు గదిలో రొట్టెలు, బిస్కట్లు. వెనక గదిలో నాలుగు పాలరాతి బల్లలు, దాని వెనకే రొట్టెలు కాల్చే భట్టీ. ఆ వేడికి వానాకాలంలో కూడా ఆ గది పొడిగా, వెచ్చగా ఉండేది. జామ్ రోల్, క్రీమ్ బన్ను, ఎండుద్రాక్ష వేసిన నల్ల కేకు. శనివారం ఒంటిపూట ఆఫీసు అయిపోగానే మా ఆఫీసు అమ్మాయిలం ముగ్గురం అక్కడ చేరేవాళ్లం. నాకు తెలియనిదేమిటంటే మా అత్తకీ అదే అలవాటు ఉందని.

ఆ అలవాటు ఎలా అయిందో తర్వాతెప్పుడో తనే చెప్పింది. ఒకసారి వానకి బేకరీ చూరు కింద నిలబడితే, గల్లాపెట్టె దగ్గర కూర్చున్న పెద్దావిడ లోపలికి పిలిచిందట. "నా కాడ సేపల కంపమ్మా" అంటే, "ఈ భట్టీ ముందు ఏ వాసనా నిలబడదు, రా" అందట ఆవిడ. టీ, నల్ల కేకు ముక్క పెట్టించింది. అప్పటినుంచి శనివారం గంప ఖాళీ అయ్యాక వీధి కుళాయి దగ్గర కాళ్లూ చేతులూ కడుక్కుని, గంప మెట్ల కింద బోర్లించి, లోపలికెళ్లి కూర్చునేది. ప్లేటులో పొడి కూడా వదిలేది కాదు. "అన్నం అందరితో పాటు తింతాను. ఇది నాకోసం తింతాను" అనేది.

నేను చెప్పి తీరాల్సిన సంగతి ఒకటుంది. పెళ్లయిన మొదటి ఏడాది ఒక శనివారం, మేం ముగ్గురం బల్ల దగ్గర కూర్చుని నవ్వుకుంటుంటే మా అత్త లోపలికొచ్చింది. మోకాళ్ల దాకా ఎగదోపుకున్న చీర, తడికాళ్లు. నన్ను చూసింది. ముఖం విప్పారింది. నాతో ఉన్న ఇద్దరిలో ఒకమ్మాయి ముక్కు మూసుకుని, "చేపల వాసనొస్తోంది కదూ" అంది. నేను గోడ మీద క్యాలెండరు వైపు తిరిగాను. పరీక్షకి చదువుతున్నట్టు దాన్నే చూస్తూ కూర్చున్నాను.

మా అత్త దూరంగా ఉన్న బల్ల దగ్గర, మాకు వీపు పెట్టి కూర్చుంది. కాసేపటికి లేచి వెళ్లిపోయింది. మేం లేచేటప్పుడు చూశాను, ప్లేటులో సగం కేకు అలాగే ఉంది.

మర్నాడు ఆదివారం. వస్తుందో రాదో అనుకున్నాను. వచ్చింది. "గిన్నె తే" అంది. నేను తెచ్చాను. ఆ మాట ఎత్తలేదు. తర్వాత వారమూ ఎత్తలేదు. తిట్టి ఉంటే బాగుండుననిపించింది.

రెండేళ్లు గడిచాయి. మాకు పాప పుట్టింది. మా అమ్మ ఆసుపత్రికొచ్చి చూసి వెళ్లింది గాని మా గుమ్మం తొక్కలేదు. పాపకి మొదటి పుట్టినరోజు వస్తోందనగా మా అత్త అడిగింది, "మీ వోల్లకి పుట్టినరోజంటే కేకుండాలి కదేటి?"

"ఉండాలి."

"కొన్నదా, ఇంట్లో కలిపిందా?"

"మా అమ్మ ఎప్పుడూ కొన్నది పెట్టదు."

"అయితే నాను కలుపుతాను. కేకుందని కబురెట్టు. మీ అమ్మొత్తాది."

మా వైపు ఇళ్లలో అప్పుడు ఓవెన్లు లేవు. పిండి ఇంట్లో కలుపుకుని, బేకరీకి పట్టుకెళ్లి కాల్పించుకోవడమే. పుట్టినరోజు ఆదివారం. ముందురోజు శనివారం నేను ఆ ఒంటిపూటా సెలవు పెట్టాను. ఎండుద్రాక్ష ముందే నానబెట్టి ఉంచాను. మా అత్త సున్నిపిండితో మోచేతుల దాకా తోముకుని వచ్చి, పెద్ద డేక్సా ఒళ్లో పెట్టుకుని కూర్చుంది. వెన్న, పంచదార చేత్తోనే కలిపింది. పొలుసులు గీరి గీరి పగుళ్లు పడిన ఆ అరచెయ్యి ఒకే వైపు తిరుగుతోంది. గుడ్లు నేను ఒక్కొక్కటే కొట్టి పోస్తున్నాను. పంచదార మాడ్చి పాకం తియ్యడం నాకు భయం. అదీ తనే తీసింది, సరిగ్గా పొగ రాబోయే ముందు నీళ్లు కొట్టి.

ఇంట్లో మేమిద్దరమే. నేను ఇక ఆగలేకపోయాను.

"అత్తా, ఆ రోజు బేకరీలో నేను నిన్ను చూశాను."

చెయ్యి ఆగలేదు. "నాను సూసేను కదా నిన్ను."

"చూసి కూడా పలకరించలేదు. సిగ్గుపడ్డాను."

"తెలుసు."

"మరి ఎందుకడగలేదు?"

"అడిగితే నువ్వేటి సెప్తావు. ఏడుత్తావు. నాకెందుకా గొడవ." కాసేపు కలిపి, మళ్లీ అంది, "ఆ రోజు కేకు మటుకు గొంతు దిగలేదు. అది మంచి కేకు. సగం వొగ్గీసి ఎలిపొచ్చేను. ఆ కోపం సాన్నాళ్లుంది."

నేను ఏడ్చాను. "పిండిలో పడతాయి, అటు తిరుగు" అంది.

పిండి సిద్ధమయ్యాక రిక్షా పిలుస్తానన్నాను. "ఆ కుదుపులకి పిండి దిగిపోద్ది" అని, డేక్సా మీద గుడ్డ కట్టి, నెత్తిన చుట్టకుదురు పెట్టుకుని ఎత్తుకుంది. నేను పాపని ఎత్తుకుని పక్కన నడిచాను. నాలుగు సందులు. గుంటలు, సైకిళ్లు, సామాను దింపుతున్న బళ్లు. డేక్సా ఎక్కడా ఒరగలేదు. నన్నెరిగిన వాళ్లు ఇద్దరు ముగ్గురు ఎదురయ్యారు. ప్రతివాళ్లకీ నేనే ముందు పలకరించి చెప్పాను, "మా అత్తగారు" అని. మూడోసారికి ఆవిడ, "సాల్లే, ఊరంతటికీ సెప్తావేటి" అంది.

శనివారం మధ్యాహ్నం కదా, బేకరీలో మా ఆఫీసు అమ్మాయిలు ఉన్నారు. అత్తని వాళ్ల బల్ల దగ్గరికే తీసుకెళ్లాను.

"మా అత్తగారు. మా ఆయన తల్లి. రేపు మా పాప పుట్టినరోజు, కేకు ఈవిడే కలిపింది."

ఆ రోజు ముక్కు మూసుకున్న అమ్మాయి నన్ను చూసింది, అత్తని చూసింది. తర్వాత లేచి కుర్చీ లాగింది. "కూర్చోండమ్మా."

"కాల్సడానికి ఇచ్చీసొత్తాను, ఉండు" అంది మా అత్త.

కేకు కాలడానికి గంటన్నర పట్టింది. అంతసేపూ మేం ఒకే బల్ల దగ్గర కూర్చున్నాం. నల్ల కేకు రెండు ముక్కలు తెప్పించాను. ప్లేటులో పొడి వేలితో అద్దుకుని అత్త పాప నోట్లో పెట్టింది.

మర్నాడు సాయంత్రం మా అమ్మ నాన్నని వెంటబెట్టుకుని వచ్చింది. గుమ్మంలో ఒక్క క్షణం ఆగి, చెప్పులు విడిచి లోపలికొచ్చింది. గదిలో ఒక గోడ వైపు మా వాళ్లు, ఒక గోడ వైపు పేట వాళ్లు. నేను కేకు కోసి ముందు అమ్మకి ఇచ్చాను. అమ్మ నోట్లో పెట్టుకుని, కాసేపు నమిలి, "పాకం ఎవరు తీశారు?" అంది.

"అత్త తీసింది."

మా అత్త చేతులు వెనక్కి పెట్టుకుంది. "సేపల సెయ్యి వొదినా. బాగానే తోమేను."

"నా చేతికి ఈ రంగు ఎప్పుడూ రాలేదు వదినా" అంది మా అమ్మ. ఇంకో ముక్క అడిగి పెట్టించుకుంది. ఆ తర్వాత ఎవరో పిల్లవాడు ఏదో అంటే అందరూ నవ్వారు. ఆ నవ్వు నాకు చాలాకాలం చాలింది.

పాపకి ఇప్పుడు పదేళ్లు దాటాయి. ప్రతి పుట్టినరోజుకీ మా అత్తే కేకు కలిపింది. ఊరు అటు స్టీల్ ప్లాంటు దాకా పెరిగింది, మా ఇంట్లోకి కరెంటు ఓవెన్ వచ్చింది. దాన్ని మాత్రం అత్త నమ్మలేదు. "అందులో నిప్పేది?" అని, డేక్సా ఎత్తుకుని బేకరీకే బయల్దేరేది.

అత్త పోయిన పదకొండో రోజున విస్తట్లో ఆవిడకి ఇష్టమైనవన్నీ పెట్టాలన్నారు. నేను కేకు కలిపి పేటకి తీసుకెళ్లాను. కులపెద్దల్లో ఒకాయన దాన్ని చూసి, "గుడ్లేసినారేటి ఇందులో?" అన్నాడు. మా చిన్న మరిది, "పక్కన సేపలెట్టలేదేటి" అన్నాడు. అన్నం పక్కన, చేపల పులుసు పక్కన, కేకు ముక్క పెట్టాను.

భోజనాలయ్యాక అత్తతో గంపలు మోసిన ఆడవాళ్లు ఒడ్డు దగ్గర ఒక చోట కూర్చుంటే వాళ్లకి కేకు పంచాను. వాళ్లలో పెద్దామె ముక్కని అటూ ఇటూ తిప్పి చూసి అడిగింది, "ఇదేటమ్మా?"

చెప్పాను. బేకరీ సంగతి, శనివారాల సంగతి చెప్పాను.

"ఓసి దీని" అంది ఆమె. "శనివారం మజ్జానం మమ్మల్ని సందు మొగ దగ్గర నిలబెట్టీసి, మోకాళ్ల డాట్రు కాడికెల్తన్నానని ఎలిపోయేది. ఇదా ఆ డాట్రు?" మిగతావాళ్లు నవ్వారు. నవ్వుతూనే కొంగుతో ముఖాలు తుడుచుకున్నారు.

పెద్దామె సగం ముక్క తిని, మిగతా సగం మనవడికని కొంగున ముడేసుకుని లేచింది. నాలుగు అడుగులు వేసి ఆగింది. ఒడ్డున బోర్లించిన పడవ నీడలో కూలబడి, ముడి విప్పి, ఆ సగం కూడా తనే తిన్నది. సముద్రం వైపు తిరిగి, తొందరేమీ లేకుండా, కొంచెం కొంచెంగా తుంచుకుని.