పళ్ళెం ఎత్తిన మనిషి

నా చిన్నప్పుడు, అమ్మ పోయిన ఏడాదే, నాన్న నన్ను శ్రీకాకుళం నుంచి సింగపూర్ తెచ్చేసుకున్నాడు. పాయా లేబర్ దగ్గర సామిల్లులో ఆయనకు పని. పొద్దున్నే వెళ్ళి, ఒళ్ళంతా రంపపు పొట్టుతో సాయంత్రం వచ్చేవాడు. అంతవరకు నేను గుమ్మంలో కూర్చునేదాన్ని. వాడలో పిల్లలు మలయ్, చీనా, తమిళం కలిపి మాట్లాడుకుంటూ ఆడుకునేవారు. నాకు ఒక్క ముక్క రాదు. కొన్నాళ్ళకు తెలుగులో మాట్లాడటం కూడా మానేశాను. పిల్లకు మాట పడిపోయిందేమోనని నాన్నకు బెంగ పట్టుకుంది.

పక్కింటి మావయ్య కూడా అదే మిల్లులో దుంగలు కోసేవాడు, మా వైపు మనిషే. పాతసామాన్లలో కొన్న, చేత్తో తిప్పే సినిమా మిషను, ఒకే ఒక్క మూగ సినిమా ఆయన ఆస్తి. శనివారం చీకటి పడగానే పెరట్లో తెల్ల దుప్పటి కట్టి వేసేవాడు. దొరల దేశంలో, మంచుకొండల అడవిలో చెట్లు నరికేవాళ్ళ కథ. గుర్రాలు, తుపాకులు, ఏట్లో కొట్టుకుపోయే దుంగలు. మిషను తిప్పుతూనే అందరి మాటలూ మావయ్యే చెప్పేవాడు. టోపీ దొర తుపాకీ తీసి, "ఒరే, దుంగ అడ్డంగా ఎట్టినోడివి నువ్వేనేటి" అని గద్దించేవాడు. దుర్మార్గుడికి మిల్లు మేస్త్రీ గొంతు పెడితే నాన్న పొట్ట పట్టుకుని నవ్వేవాడు. తెలుగు రాని పిల్లలూ నవ్వేవారు. నేను తప్ప.

ఒక శనివారం మావయ్య మెడకు తువ్వాలు చుట్టుకుని వచ్చాడు. గొంతు పోయిందని సైగ చేసి, నన్ను పక్కన కూర్చోబెట్టుకుని, "ఇయ్యాల నువ్వే సెప్పాలమ్మా" అని చెవిలో అన్నాడు. బొమ్మ నడిచింది. మాటల్లేక పిల్లలు విసుక్కున్నారు. అంతలో, తోటివాళ్ళంతా వెళ్ళిపోయాక చెట్లు నరికే మనిషి చెక్కగుడిసెలో ఒంటరిగా అన్నానికి కూర్చునే చోటు వచ్చింది. తినబోయి ఆగి, రేకు పళ్ళెం ఎత్తి ఖాళీ గదివైపు చూస్తాడు. నాకు దుఃఖం ముంచుకొచ్చింది.

"తిన్నావేటి?" అన్నాను. మా గడపలోకి ఎవరొచ్చినా అమ్మ అడిగే మాట అది.

ముందు కూర్చున్న ఎదురింటి మలయ్ పిల్ల వెనక్కి తిరిగి, "సుదా" అంది, తిన్నానని. ఆ పళ్ళెం చూసి నేనేమడిగానో గ్రహించింది. మర్నాడు మా గుమ్మంలోకి వచ్చి, "సుదా మకన్?" అని అదే మాట నన్ను అడిగింది. నేను తలూపలేదు, "సుదా" అన్నాను. లోపల నాన్న కళ్ళు తుడుచుకున్నాడు. ఆ పొద్దునే, రాత్రి గొంతు పోయిందన్న మావయ్య నూతి దగ్గర గొంతెత్తి పాడుకుంటున్నాడు.

ఇప్పుడు ఇదే సింగపూర్‌లో, టాంపినీస్‌ ఫ్లాట్‌లో ఒక్కదాన్నే ఉంటున్నాను. మా ఆయన పోయారు. పిల్లలు తీరికైనప్పుడు వస్తారు. లిఫ్టులో అందరూ ఫోన్లలోకి చూస్తుంటారు, అయినా "మకన్?" అని అడుగుతాను. ఒకరిద్దరు నవ్వుతారు, చాలామందికి వినిపించదు. సాయంత్రం కంచం పట్టుకుని తలుపు దగ్గర నిలబడి ఎదుటి ఫ్లాట్ వైపు చూసి కూడా అడుగుతాను. కొన్ని రోజులు ఏ జవాబూ రాదు, మనసు చివుక్కుమంటుంది. కానీ ఆ దుప్పటి మీది మనిషికీ ఖాళీ గదే కదా కనిపించింది. ఇవతల చీకట్లో ఒక పిల్ల జవాబు చెప్పిందని ఆయనకు ఎప్పటికీ తెలియదు. అందుకే నేను అడిగాకే తింటాను.