ఏం పూసినవన్నా?

మొన్న పొద్దున మా ఆరోగ్య కేంద్రంలో గజ్జి మందు కొత్త డబ్బా మూత తీశాను. గంధకం వాసన గుప్పుమంది. పక్కనున్న కొత్త నర్సు ముక్కు మూసుకుని కిటికీ దగ్గరికి పరుగెత్తింది. నాకు మాత్రం ఆకలేసింది. నవ్వకండి. గోదావరిఖని దగ్గర గని కార్మికుల కాలనీలో, ఒక చిన్న దవాఖానలో నేను నర్సుగా చేరిన కొత్తలో, యాకూబ్ కాక కట్లు కట్టే గదిలో ఎప్పుడూ ఇదే వాసన ఉండేది. మధ్యాహ్నం ఆ గది వెనక వరండాలో కూర్చుని, ఆయన తెచ్చిన ఖట్టీ దాల్, నేను తెచ్చిన బెండకాయ పులుసు పంచుకుని తినేవాళ్ళం. అందుకే ఇప్పటికీ ఆ వాసన తగిలితే కడుపు అన్నం టైమయిందనుకుంటుంది.

యాకూబ్ కాక డాక్టరు కాదు. ముప్పై ఏళ్ళుగా గాయాలు కడిగి కట్లు కట్టే డ్రెస్సర్. సన్నటి మనిషి, తెల్ల గడ్డం, కొంచెం కటువు మాట. మామూలుగా మాతో తెలుగు, కోపం వస్తే తెలుగూ దక్కనీ కలిపి దంచేవాడు. గంబూట్లలో నానిన వేళ్ళ సందులు, చెమట పొక్కులు, ఒకే తువ్వాల నలుగురు వాడి తెచ్చుకున్న గజ్జి ఆయనకు కొట్టిన పిండి. మా డాక్టరమ్మ కూడా అనుమానం వస్తే "కాకను పిలువు" అనేది. ఆయన రోగిని బల్బు కింద చూసేవాడు కాదు, వరండాలో ఎండ పడే చోటుకి తీసుకెళ్ళేవాడు. మచ్చను చూడకముందే ప్రశ్నలు మొదలయ్యేవి. ఏం పని, ఏ గని, ఇంట్లో ఇంకెవరికి ఉంది, ఇప్పటిదాకా ఏం పూశావు.

చదువుకుని వచ్చినదాన్ని, నాకు ఈ ఆరా అంతా చాదస్తంగా తోచేది. చేరిన వారంలోనే ఒక కార్మికుడి నుదుటి మీద నీలి నలుపు మచ్చ కనిపించింది. క్యాన్సరేమోనని నాకు చెమటలు పట్టాయి. అతన్ని కూర్చోబెట్టి, జల్ది పెద్దాసుపత్రికి పంపాలని కాక చెవిలో గుసగుసలాడాను. ఆయన నా మాట పూర్తిగా వినకుండానే అతన్ని అడిగాడు. "ఇది ఎన్నడు పడ్డదన్నా?"

"పదేండ్లు దాటింది కాకా. పైనుంచి బొగ్గు పెళ్ల పడ్డది. గాయం మానింది గని బొగ్గు లోపలనే ఉండిపోయింది."

"పెరిగిందా? రంగు మారిందా? రక్తం గిట్ల కారిందా?"

"ఏమీ లేదు. గప్పుడు ఎంతున్నదో గంతే ఉన్నది."

అయినా కాక డాక్టరమ్మకు చూపించే పంపాడు. అది లోపల ఉండిపోయిన బొగ్గేనని, భయం లేదని ఆమె కూడా చెప్పింది. అతను వెళ్ళాక నావైపు తిరిగి, "బిడ్డా, పాపం ఆయనకు తలనొప్పి గోలీ కావాలె. నువ్వు పానం తీసేటట్టున్నవ్" అన్నాడు. సిగ్గుతో తల ఎత్తలేకపోయాను. బుద్ధి వచ్చిందా అంటే, పూర్తిగా రాలేదు.

మా బాపు అప్పుడు భూగర్భ గనిలోనే పనిచేసేవాడు. నడుముకు తలదీపం బ్యాటరీ బెల్టు బిగించే చోట దురద అంటే, మందుల షాపులో అందరూ అడిగి కొనుక్కునే ట్యూబు నేనే తెచ్చి ఇచ్చాను. రెండు రోజుల్లో దురద పోయింది. "నా బిడ్డ డాక్టర్ల కంటె ఎక్కువ" అని బాపు వాడంతా చెప్పుకున్నాడు. నేనూ పొంగిపోయి, తర్వాత నా కాన్పు హడావిడిలో ఆ సంగతే మరిచిపోయాను.

బాబు పుట్టాక మా అమ్మావాళ్ళ క్వార్టర్‌లోనే ఉండి డ్యూటీకి వెళ్ళేదాన్ని. మనవడి కోసం తొమ్మిది నెలలు కలలు కన్న బాపు, వాణ్ణి ఒక్కసారి కూడా ఎత్తుకోలేదు. "డ్యూటీ నుంచి వచ్చిన, మసి ఉన్నది" అనేవాడు. స్నానం చేశాక మోకాళ్ళ నొప్పులనేవాడు. వాడు చేతులు చాస్తే బయటికి వెళ్ళిపోయేవాడు. నాకు ఒళ్ళు మండిపోయేది. కూతురి కొడుకనేగా ఈ చిన్నచూపు అని అమ్మ మీద అరిచాను కూడా.

ఒక ఆదివారం పొద్దున బాపు తన కంచాన్ని కుళాయి దగ్గర విడిగా తోముకుని, విడిగా బోర్లించడం చూశాను. ఎందుకని నిలదీస్తే చొక్కా ఎత్తి చూపించాడు. నడుము చుట్టూ అరచేతులంత పాలిపోయిన మచ్చలు, ఇటుక పెళ్లతో రుద్ది రుద్ది చేసుకున్న పుండ్లు. దురద మళ్ళీ మళ్ళీ వస్తుంటే అదే ట్యూబు కొనుక్కుని పూస్తూ వచ్చాడట. అంచులు చెరిగిపోయి ఏ జబ్బో నాకే అర్థం కాలేదు.

"కుష్టు బిడ్డా. నాకు ఎరుకే. పొల్లగాన్ని నా దిక్కు రానియ్యకు" అన్నాడు.

మర్నాడు బాపును కాక దగ్గరికి తీసుకెళ్ళి, కుష్టు భయం, విడి కంచం సంగతి చెప్పాను. కాక వరండాలో నిలబెట్టి నడుము చుట్టూ చూసి, ఎప్పటిలాగే అడిగాడు. "ఏం పూసినవన్నా?"

బాపు నా వైపు ఒక్క క్షణం చూశాడు. "ఏం పూయలే. వట్టి కొబ్బరి నూనె."

నేను పనిచేసే చోట నా పరువు పోకూడదని, తన ఒంటి మీదికి అంత వచ్చినా అబద్ధమాడాడు. కాక "కొబ్బరి నూనెకు గిట్ల కాదే" అని తల గోక్కుంటున్నాడు. ఎంతసేపు నిలబడ్డానో తెలియదు. చివరికి అన్నాను. "నేనే ఇచ్చిన కాకా. షాపుల దొరికే ట్యూబు. ఐదారు నెలల సంది పూస్తున్నడు."

"గదీ సంగతి!" కాక ముఖం విప్పారింది. "గా ట్యూబుల స్టెరాయిడ్ ఉంటది బిడ్డా. దురద ఆపుతది, తామరను పెంచుతది, తోలును పలచగ చేస్తది."

తర్వాత బాపును కళ్ళు మూసుకోమని, దూదిని పోగులా చేసి మచ్చల మీద ఆనించాడు. "ముట్టినప్పుడల్లా చెప్పు." బాపు ప్రతిసారీ "ఆఁ" అన్నాడు. ఒకసారి కాక చేయి గాలిలోనే ఆపి, "ఇప్పుడు?" అన్నాడు.

"ఇప్పుడు ముట్టలే."

కాక పకపకా నవ్వాడు. "స్పర్శ మంచిగున్నది, కుష్టయితే మొద్దుబారుతది. ఒకవేళ గదే అయినా ఫికర్ ఏంది? గోలీలున్నయి, నయమైతది. నీ కంచం వేరు చెయ్యమని ఎవడు చెప్పిండు?"

డాక్టరమ్మ కూడా పరీక్షించి, చర్మం గీకి ల్యాబుకు పంపింది. తామరే. బాపు ఆ మాట విని బెంచీ మీద కూర్చుండిపోయాడు. "మరి పొల్లగాడు?" అని అడిగాడు.

"అంగీ తొడుక్కో, చేతులు కడుక్కో, ఎత్తుకో. తువ్వాల మాత్రం వేరే పెట్టు" అన్నాడు కాక.

ఆ సాయంత్రం బాపు మెడ దాకా గుండీలు పెట్టుకుని, చేతులు మూడుసార్లు సబ్బుతో కడుక్కుని, మంచం మీద కూర్చుని బాబును ఒళ్ళోకి తీసుకున్నాడు. వాడు మీసం పట్టుకుని లాగాడు. నేను వంటింట్లోకి పోయి కరువుతీరా ఏడ్చాను.

దురద తగ్గగానే బాపు మందు మానేయబోతే, డాక్టరమ్మ చెప్పిన గడువు పూర్తయ్యేదాకా కాక వదల్లేదు. నన్ను మాత్రం ఒకరోజు అన్నం దగ్గర కడిగేశాడు. "తప్పు మందు ఇచ్చినవని కాదు. చెప్పనీకె గంత సేపు చేసినవ్ చూడు, గందుకు కోపం."

కాక పోయి నాలుగేళ్ళయింది. నేనిప్పుడు నది అవతల మా జైపూర్ వైపు పల్లెల్లో పనిచేస్తున్నాను. ఏం పూశావని అడిగితే అందరూ చెప్పేది ఒకటే, కొబ్బరి నూనె. తిడతామని భయం, ఇచ్చినవాళ్ళ పేరు బయటపడుతుందని భయం. అందుకే ముందు నా కథ చెబుతాను. పోయిన వారం ఒక ముసలమ్మ ఆశ్చర్యపోయి అడిగింది.

"నువ్వే ఇచ్చినవా? మీ బాపుకు?"

"నేనే ఇచ్చిన అవ్వా. చదువుకున్న నర్సును."

ఆమె నన్ను ఎగాదిగా చూసింది. కొంగుముడి విప్పి, నలిగిపోయిన ట్యూబు తీసి నా బల్ల మీద పెట్టింది. "నా కోడలు తెచ్చింది. దాన్ని ఏమనకు బిడ్డా" అంది.