నాయన ఆరబెట్టిన సముద్రం

సముద్రం అడుగున బురదలో ఎన్ని రకాల బ్యాక్టీరియా ఉంటాయో డీఎన్ఏతో తెలుసుకోవడం నా పరిశోధన. బెంగళూరు ల్యాబుకు వెళ్తూ నిన్న పుంగనూరులో మా ఇంట్లో ఆగాను. ఒక్కో లోతులో తీసిన బురద ఒక్కో ట్యూబులో ఉంది. అన్నిటినీ మా ఫ్రీజర్లో పెట్టి పడుకున్నాను.

పొద్దున లేచేసరికి ట్యూబులన్నీ శుభ్రంగా కడిగి బోర్లించి ఉన్నాయి. టమాటా చేనుకు భూసార పరీక్ష చేయించే ప్రతిసారీ నాయన నాలుగు మూలల మట్టీ కలిపి నీడలో ఆరబెడతాడు. నా బురదకూ అదే మర్యాద చేశాడు. వరండాలో పేపరు మీద నల్లగా ఆరుతోంది.

"యాల కలిపేసినావు నాయనా? ఒక్కోటి ఒక్కో లోతుది."

"తడిమట్టి ఇస్తే ఆఫీసులో తీసుకోరు మ్మా. అయినా సముద్రమంతా ఒకటే గదా."

అవే లోతుల బురదతో ఇంకో సెట్టు ట్యూబులు ముందే ల్యాబుకు చేరాయి కాబట్టి సరిపోయింది, లేకపోతే అక్కడే కూర్చుని ఏడ్చేదాన్ని. సాయంత్రం నేను బస్సుకు బయల్దేరుతుంటే నాయన ఆరిన బురదను పొట్లం కట్టి, పైన అంటించే భూసార పరీక్ష చీటీ మీద రైతు పేరు దగ్గర నా పేరు రాసి, పెన్ను ఆపాడు.

"ఈ తూరి ఏం పంట పెడతాండారని రాసేదిమ్మా?"

సముద్రంలో ఏం వేస్తే బాగుంటుందో మీరైనా చెప్పండి.