మాసయ్య తట్ట మట్టి

మాసయ్యకు ఒకటే పిచ్చి. చెరువు చూడవచ్చినవాళ్లు ఎంతటివాళ్లైనా సరే, ముందు ఒక తట్ట మట్టి మోయాల్సిందే.

బల్మూరు అవతల, అడవి అంచున, జింకలు నీళ్లు తాగడానికీ జనం సరదాగా కూర్చోవడానికీ ఎనభై ఎనిమిదిలో ఓ చిన్న మట్టికట్ట వేశారు. దానికి కాపలాదారు మాసయ్య. అక్కడి బడిలో పంతులుగా ఉన్నన్నాళ్లూ నేను ప్రతి ఆదివారం పోయేవాణ్ణి. అంటే ప్రతి ఆదివారం మోసేవాణ్ణన్నమాట.

"సారూ, నీళ్లు ఊరికెనే కనపడతయా? తట్ట పట్టుండ్రి."

"నడుం పట్టింది మాసయ్యా."

"మోస్తే ఇడుస్తది."

నాగర్‌కర్నూల్ నుంచి ఓ కొత్త జంట వచ్చింది. పెళ్లికూతురు గద్వాల చీర చూసి మాసయ్య జాలిపడ్డాడు. "అమ్మా, నువ్వు చీర ఖరాబు చేసుకోకు. నీ తట్ట గూడ అల్లుడే మోస్తడు" అన్నాడు. పాపం, అల్లుడు మోశాడు.

ఓసారి పెద్ద ఆఫీసరు జీపులో దిగాడు. "ఎవరనుకుంటున్నవ్?" అని డ్రైవరు ఉరిమాడు. "ఎవరైతేంది, చేతులున్నయి గద!" అన్నాడు మాసయ్య. ఆఫీసరు నవ్వుతూ మోశాడు. డ్రైవరు నవ్వకుండా మోశాడు.

మట్టంతా ఒకేచోట, కట్టకు బయటివైపు పోయించేవాడు. కట్టకు బుంగ పడిందేమోనని మాకు ఒకటే హడలు.

"తెగుతదా ఏంది మాసయ్యా?"

"ఎందుకు తెగుతది? ఎండకాలం నీళ్లు ఇంకిపోకముందే ఇది కావాలె. జల్ది పొయ్యుండ్రి!"

ఏం కావాలో చెప్పడు. మళ్లీ అడిగితే ఇంకో తట్ట నెత్తికెత్తేవాడు.

ఫిబ్రవరిలో ఓ ఆదివారం కట్ట కింద ఎద్దులబండి ఆగింది. అందులోంచి మాసయ్య అక్క ఏసమ్మ దిగింది. వయసంతా దేశం మీద ఆనకట్టలకు మట్టి మోసిన మనిషి. ఒక్కదానిలోనూ నీళ్లు చూడలేదు. నీళ్లొచ్చేలోపే మేస్త్రీ గుంపును ఇంకో పనికి తోలుకుపోయేవాడు. ఇప్పుడేమో మోకాళ్లు పోయి, నిటారు కట్ట ఎక్కలేదు. మేం పోసిన మట్టిని తమ్ముడు దిమ్మిసతో కొట్టి, ఆమె కోసం ఏటవాలు బాట చేశాడు.

"జర పట్టుండ్రి సారూ" అని ఆమె చెయ్యి నాకందించాడు. ముగ్గురం మెల్లగా ఎక్కాం.

నీళ్లమీద బాతులు, అవతలి ఒడ్డున జింకలు. ఏసమ్మ కట్ట మీదే కూర్చుని నీళ్లకేసి చూసింది.

"తమ్మీ, మేం పోసిన కట్టలెనుక గూడ గిట్లనే నీళ్లుంటయా?"

"ఇంతకు పదింతలుంటయక్కా!"

"అవునా!" అని ఆమె పకపకా నవ్వింది. నా ప్రాణం హాయిగా ఉంది.

మధ్యాహ్నమైంది. "లే అక్కా, బువ్వ తినొద్దా?" అన్నాడు మాసయ్య.

"నువ్వు పో. వయసంతా మేస్త్రీ లెమ్మన్నప్పుడల్లా లేచిన. ఇయ్యాల లేవ."