తప్పు ఒప్పుకున్న సలహా సారు

మహబూబాబాద్‌లో కరెంటు పొదుపు గురించి, సోలార్ గురించి జనానికి ఉచితంగా సలహాలు చెప్పే కేంద్రం మాది. అందులోని పెద్దాయన ఈమధ్య ఒక సోమవారం పోయారు. ఆయన కొడుకు ఫోన్ చేసి, "అక్కా, మా అబ్బా పోయిండు. పొద్దుగాల చాయ్ తాగిండు, గంతే" అన్నాడు. అప్పటికే కేంద్రంలో ముగ్గురు కూర్చుని ఉన్నారు. వాళ్ల పని చూసి పంపాకే ఆయన ఇంటికి వెళ్లాను. ఆయనైనా అదే చేసేవారు.

ఊళ్లో అందరికీ ఆయన సలహా సారు. పక్క బల్ల దగ్గర నేను ఆరేళ్లు పని చేశాను. ఎవరైనా సోలార్ పలకలు పెట్టించుకుంటామని వస్తే, ముందు ఇంట్లో ఏమేం నడుస్తున్నాయో అడిగేవారు. "ముందుగాల వృథా ఆపుదాం. గా తర్వాత సూర్యుణ్ణి పిలుద్దాం" అనేవారు. ఫ్రిజ్ కరెంటు ఎక్కువ తింటోందంటే ఇంటికే వెళ్లి, తలుపు సందులో కాగితం ముక్క పెట్టి మూసి లాగేవారు. అది సులువుగా జారి వస్తే రబ్బరు మార్చమనేవారు. కొత్తది కొనమని చెప్పడం తక్కువ. సామాను అమ్మే ఏజెంట్లకు ఆయనంటే గిట్టేది కాదు.

నాకు బాగా గుర్తున్నది గూడూరు దగ్గరి అవ్వ సంగతి. అడవి అంచున ఆమెకు మిరప చేను ఉంది. ఎండాకాలంలో సారు వెళ్లి, సోలార్ మోటారు పలకలు ఎక్కడ పెట్టాలో చూపించారు. చలికాలం వచ్చేసరికి సూర్యుడు దక్షిణానికి వాలాడు. ఆ వైపున్న ఇప్పచెట్ల నీడ మధ్యాహ్నానికే పలకల మీద పడి మోటారు ఆగిపోయేది. పూత మీదున్న చేను వాడిపోసాగింది. అవ్వ కేంద్రానికి వచ్చి నిలదీసింది.

"మీరు జూపిన జాగలనే పెట్టిన గద సారూ, నీళ్లెందుకొస్తలేవు?"

సారు ఆమె వెంటే బస్సెక్కారు. నేనూ వెళ్లాను. చేను గట్టున నిలబడి చాలాసేపు చూసి, "తప్పు నాది అవ్వా. ఎండాకాలం నీడ జూసిన. చలికాలం నీడ సోంచాయించలే" అన్నారు. అవ్వ కొడుకు చెట్లు కొట్టేస్తానన్నాడు.

"చెట్లేం జేసినయి? పలకలు జరుపుదాం."

బిగించినవాళ్లను పిలిపించి, స్టాండును చేను ఉత్తరపు కొసకు మార్పించేదాకా మూడు రోజులు అక్కడికే తిరిగారు. కొత్తగా పనిలో చేరినవాళ్లకు ఆయన మొదట చెప్పే సంగతి ఇదే, తన తప్పుగానే.

సారు పోయిన వారానికి వేరే పని మీద గూడూరు వైపు వెళ్లి, అవ్వ చేను దగ్గర ఆగాను. చలికాలం సాయంత్రం నాలుగవుతున్నా మోటారు నడుస్తూనే ఉంది. ఆమె మిరపకు నీళ్లు కడుతోంది.

"సారు రాలేదా బిడ్డా?" అంది.

చెప్పాను. చేతిలో పార అలాగే పట్టుకుని గట్టు మీద కూర్చుంది. కాసేపటికి సాలు నిండి నీళ్లు పొర్లుతుంటే లేచింది. మట్టి అడ్డం వేసి, నీటిని పక్క సాలులోకి మళ్లించింది.