పడవ చెక్కల అటక

మొన్న తెనాలిలో మా ఫ్లాట్‌కి వచ్చిన కార్పెంటర్, వంటగదిలో అటకకి పలకలు కొలుస్తూ, "పైన ఎంత బరువు పెడతారు పిన్నిగారూ?" అని అడిగాడు. ప్రశ్న చిన్నదే. నా మనసు అప్పటికే రేపల్లె దగ్గర మా పెంకుటింటికి వెళ్లిపోయింది.

ఆ పల్లపు ఊళ్లలో పెరిగినవాళ్లకు వేరే చెప్పక్కర్లేదు, మాకు బంగారం కన్నా విత్తనాల వడ్లే ఎక్కువ. ఎనభైల్లో మా ఇంట్లో అటక అన్న మాటే గాని దూలాల మీద పలకలు లేవు, విత్తనాల బస్తాలు నేల మీదే ఉండేవి. వాటిని పైకెక్కించాలని నాన్నగారికి ఎన్నాళ్ల కోరికో, ఒకరోజు నిజాంపట్నంలో విప్పేసిన పాత పడవ చెక్కలు కొని ఎడ్లబండి మీద వేసుకొచ్చారు. నీలం రంగు పెచ్చులు, మేకుల బొక్కలు, ఇక వాసన సంగతి చెప్పనే వద్దు. చేపల కంపు కింద కూర్చుని అన్నం ఎట్టా తింటామండీ అని అమ్మ మూతి ముడిచింది. గట్టి వానొస్తే ఇల్లే సముద్రంలోకి పోద్దిలే వదినా అని బాబాయి ఆటపట్టించాడు. నాన్నగారు నవ్వుతూనే పలకలు బిగించారు. ఎండలకు సందులు విచ్చుకుని మా కంచాల్లో వడ్ల దుమ్ము రాలినప్పుడల్లా అమ్మ నాన్నగారి వైపు ఒక చూపు చూసేది.

కొన్నేళ్లకు ఒక వేసవి చివర తుఫాను పట్టింది. కాలవ గట్టు తెగి నీళ్లు అరుగు దాటి లోపలికి వచ్చేశాయి. విత్తనం తడిస్తే ఆ ఏడు నారు పోయడానికి గింజ ఉండదు. మా బస్తాలు అటక మీదున్నాయి గాని వీధిలో అందరివీ నేల మీదే ఉన్నాయి. మోకాలి లోతు నీళ్లలో గుమ్మం పట్టుకుని నిలబడి, మీ విత్తనాలు మా ఇంటికి పట్రండి అని వీధంతా వినపడేలా కేకేసింది అమ్మ. అంత బరువు ఆగుద్దో లేదోనని నాన్నగారు నసిగారు.

"వలల్నీ చేపల్నీ మోసినయ్యి, వడ్లు మొయ్యవా?" అంది అమ్మ.

బస్తా మీద బస్తా ఎక్కుతూనే ఉంది. పిల్లలందరినీ పైకెక్కించారు. నా కింద పలకలు కిర్రుమన్నప్పుడల్లా కింద అందరి తలలూ ఒక్కసారి పైకి లేచేవి. తేమకు చెక్కలు ఉబ్బి సందులన్నీ మూసుకుపోయాయి, ఆ పడవ మళ్లీ నీళ్ల మీదకొచ్చి మమ్మల్నీ ఊరి పంటనీ మోస్తోందనిపించింది. భయం పోయి ఒళ్లు పులకరించింది. ఆ తరవాత ఎన్ని గొప్ప కట్టడాలు చూశానో, ఏదీ నన్నంత ఆశ్చర్యపరచలేదు. ఒక్క పలక కూడా విరగలేదు. తొలకరికి వీధిలో అందరి నారుమళ్లూ పచ్చబడ్డాయి, అమ్మ చేపల వాసన మాట మళ్లీ ఎత్తలేదు.

ఇప్పుడు మా అటకెక్కేవి టీవీ వచ్చిన అట్టపెట్టె, పాడైన మిక్సీ, పారేయడానికి మనసొప్పని ఖాళీ డబ్బాలు. పక్క ఫ్లాట్ వాళ్లు దాచమని తెచ్చేదీ లేదు, తెమ్మని నేను కేకేసేదీ లేదు.

కార్పెంటర్ మళ్లీ అడిగాడు. బరువేం ఉండదులే నాయనా, పల్చటి పలక చాలన్నాను. ఆ మాట అంటుంటే నాకే దిగులేసింది.